ఏడో అధ్యాయంలో వదిలేసిన తప్పు

బుజ్జికి నలభై ఆరేళ్లు. పుస్తకాల అట్టల మీద మూడు మాటల బరువైన కలంపేరు ఉందిగానీ, ఇంట్లో మాత్రం పుట్టినప్పటి నుంచీ బుజ్జే. ఆవిడ రాసేవి దెయ్యాల ప్రేమకథలు, అదీ పెద్దవాళ్ల కోసం. ఆ సంగతి అట్ట వెనక ఎర్రక్షరాల్లో అచ్చేస్తారు కూడా. చచ్చిపోయినవాళ్లు బతికున్నవాళ్లని ప్రేమించడం, బతికున్నవాళ్లు తలుపు గడియ తీసిపెట్టుకుని కూర్చోవడం, ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరగడం. బుజ్జి మొహమాటపడకుండా రాస్తుంది. అలా ఒకే ఇంటి దెయ్యాల మీద ఐదు పుస్తకాలొచ్చాయి. ఐదింటికీ ప్రూఫులు దిద్దింది సొంత అక్కే.

అక్కది ముప్పై ఏళ్ల అనుభవం. ఆవిడ పద్ధతి వేరు. పుస్తకాన్ని చివరి పేజీ చివరి వాక్యం నుంచి మొదలుపెట్టి వెనక్కి చదువుకుంటూ వస్తుంది. మధ్యలో సన్నటి చీలిక ఉన్న అట్టముక్క ఒకటి కాగితం మీద పెట్టుకుంటుంది. ఆ చీలికలోంచి ఒక్క లైను తప్ప ఇంకేమీ కనిపించదు. కథలో పడ్డామంటే తప్పులు దొరకవని ఆవిడ లెక్క. దాంతో ఐదు పుస్తకాల ముద్దులూ కౌగిలింతలూ అక్క ముక్కు కిందనుంచే పోయినా, ఎవరు ఎవరి కోసం చచ్చారో, ఎవరు చచ్చాక ఎవరి కోసం వచ్చారో ఆవిడకి తెలియదు. పబ్లిషరు దీని మీద ఎన్ని జోకులేశాడో. బుజ్జీ నవ్వేది. నవ్వుతూనే, హమ్మయ్య, అక్క చదవదు కదా అనుకునేది. ఆ ధీమాయే కొంప ముంచింది.

మూడో పుస్తకంలో కళ్లద్దాలు చేసే దెయ్యం ఒకటి నాలుగు పేజీల పాటు వచ్చిపోతుంది. నాయిక విరిగిన ఫ్రేము బాగుచేసి, ఒక నవ్వు నవ్వి గోడలోకి వెళ్లిపోతుంది. ఆ పాత్ర ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. బావది కళ్లద్దాల షాపు. ఆ పుస్తకం వచ్చినప్పుడు బావ నిక్షేపంలా ఉన్నాడు. నాలుగు పేజీలూ చదివి, "బతికుండగానే చంపేశావేంటి మరదలా, కనీసం హీరోనన్నా చెయ్యాల్సింది" అని పడీపడీ నవ్వాడు. రెండేళ్లు తిరక్కుండా షాపులోనే, కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ మూడో పుస్తకాన్ని బుజ్జి బీరువాలో వెనక వరసలోకి తోసేసింది. తను రాయడం వల్ల పోయాడని కాదు, అంత పిచ్చిది కాదు. కానీ ఆ అట్ట చూస్తే తేలు కుట్టిన దొంగలా ఉండేది.

పాఠకులు ఊరుకోరు కదా. అద్దాలాయన ఏమయ్యాడు, అద్దాలాయనకి ఎవరూ లేరా, అద్దాలాయనకి ఒక పుస్తకం రాయరా అని ఒకటే ఉత్తరాలు. పబ్లిషరు వాటినన్నిటినీ ఒక ఫైల్లో కట్టి తెచ్చి, ఆ పక్క పాత్రని హీరోని చేసి మూడు పుస్తకాల కొత్త సిరీస్ మొదలుపెడదామన్నాడు. బుజ్జి ఆరు నెలలు కుదరదంటే కుదరదంది. ఏడో నెలలో సరేనంది. బావే అడిగాడుగా హీరోని చెయ్యమని, అని తనకి తాను సర్దిచెప్పుకుంది. తప్పు చెయ్యదలుచుకున్న మనిషికి కారణాలకేం కొదవ.

బావ పోయినప్పటి నుంచీ బుజ్జి తన గది ఖాళీ చేసి అక్క దగ్గరే ఉంటోంది. ముందుగదిలో ఉన్నది ఒకటే బల్ల. పగలంతా దాని మీద అక్క ప్రూఫులు. తెల్లారగట్ల ఐదింటి నుంచి ఏడింటి దాకా బుజ్జి రాత. పడుకోబోయే ముందు అక్క కళ్లద్దాలు తీసి ఆ ప్రూఫుల మీదే పెట్టి వెళ్తుంది. వాటి మీద వేలిముద్రలు, సిరా మరకలు, కన్నీటి చారలు కూడా ఉండేవి. మొదటిసారి చూసినప్పుడు బుజ్జి చూస్తూ ఊరుకోలేకపోయింది. ఒంటి మీది చొక్కా అంచుతో రెండద్దాలూ తుడిచి, ఎక్కడున్నవి అక్కడే పెట్టి రాసుకోవడం మొదలుపెట్టింది. మర్నాడూ తుడిచింది. ఆ మర్నాడూ తుడిచింది. అదేం గొప్పపనని చెప్పుకుంటుంది? అలా ఏడాది గడిచింది.

ఒకరోజు టీ తాగుతూ అక్క, "బుజ్జీ, పొద్దున్నే నా కళ్లద్దాలు తళతళలాడుతుంటాయే. నేను తుడవను మరి" అంది. అని, కప్పు కింద పెట్టి, చెల్లెలి మొహంలోకి చూసింది.

అయ్యో, బావే వచ్చి తుడుస్తున్నాడనుకుంటోంది పిచ్చిది, అనుకుంది బుజ్జి. ఇప్పుడు నేనే తుడుస్తున్నానంటే ఉన్న ఆ కాస్త ఆశా పోతుంది. చెప్పడమెందుకు? అవునా అని, టీ చల్లారిపోయిందని లేచి వంటింట్లోకి పోయింది.

అప్పటికి అది జాలే. ఒట్టు పెట్టి చెప్పమన్నా చెప్తుంది. కానీ ఆ వారంలోనే కొత్త పుస్తకం ఏడో అధ్యాయం దగ్గర కలం ఆగిపోయింది. అద్దాలాయనకి నాయిక మీద ప్రేముందని ఎలా తెలియాలి? ఆవిడని ముట్టుకోలేడు, మాట్లాడలేడు. మూడు రోజులు బల్ల దగ్గర జుట్టు పీక్కుని, నాలుగో రోజు రాసేసింది. రోజూ తెల్లవారేసరికి ఆవిడ కళ్లద్దాలు తుడిచి ఉంటాయి. దెయ్యం తన చొక్కా అంచుతో తుడుస్తుంది. ఆవిడ అవి పెట్టుకుని, గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుపడి పైటంచు సర్దుకుంటుంది. ఆ అధ్యాయం ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది. రాస్తూ బుజ్జి ఏడ్చింది. ఏడుస్తూనే, అబ్బ, ఎంత బాగా వచ్చిందో అనుకుంది. ఆ రెండో మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆవిడ సిగ్గుతో చితికిపోతుంది.

ప్రూఫులు అక్క దగ్గరికే వెళ్లాయి. చివరి నుంచి మొదటికి, లైనుకో లైను చొప్పున చదివి, ఎప్పట్లాగే ఎర్రసిరా గుర్తులతో తిరిగిచ్చింది. బుజ్జి ముందు ఏడో అధ్యాయమే తిరగేసింది. ఎనిమిది గుర్తులున్నాయి, అన్నీ మామూలువే. ఊపిరి పీల్చుకుంది.

ఇక పుస్తకం విడుదల ఆదివారం సాయంత్రం అనగా, గురువారం ఇంటికి పెద్ద అట్టపెట్టె వచ్చింది. పబ్లిషరు బుర్రే బుర్ర. కొన్నవాళ్లకల్లా ఉచితంగా ఇవ్వడానికి కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డలు ఐదువందలు కుట్టించాడు. ప్రతి గుడ్డ మీదా పుస్తకం పేరు, దాని కింద 'నిన్న రాత్రి కూడా వచ్చాను' అన్న వాక్యం. పెట్టె విప్పింది అక్కే. ఒక గుడ్డ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కుట్టు బాగుందని చెప్పి మళ్లీ మడతపెట్టింది. బుజ్జి పెట్టెని కాలితో బల్ల కిందకి తోసేసింది.

పుస్తకాల షాపు అద్దం మీద పోస్టరు కూడా వేశారు. రచయిత్రి స్వయంగా ఏడో అధ్యాయం చదువుతారు అని. బుజ్జి పబ్లిషరుకి ఫోన్ చేసి రెండో అధ్యాయం చదువుతానంది, గొంతు బాగాలేదంది, అసలు చదవననీ అంది. ఆయన ఓపిగ్గా విని, పోస్టరు వేసేశాం కదమ్మా అన్నాడు. మోకాలు నొప్పిగా ఉందేమో, రావద్దులే అని శనివారం నాడు అక్కతో రెండుసార్లు చెప్పి చూసింది. మోకాలు బ్రహ్మాండంగా ఉందని అక్క రెండుసార్లూ చెప్పింది. అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పడానికే అక్క మంచం దాకా వెళ్లింది, దుప్పటి కావాలా అని అడిగి వచ్చేసింది.

ఆదివారం షాపు నిండిపోయింది. కుర్చీలు చాలక జనం అలమారాలకి ఆనుకుని నిలబడ్డారు. అక్క ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చుంది. బుజ్జి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ బాగానే సాగింది. నాయిక పొద్దున్నే లేచి బల్ల మీద కళ్లద్దాలు చూసే చోటికి వచ్చేసరికి, తల ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది. అక్క తన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. వాటి మీద చెయ్యి మూసిపెట్టి, మామూలుగా వింటోంది. ఆపేద్దామా అనుకుంది బుజ్జి. ఆపలేదు. ఆపలేదు సరికదా, దెయ్యం అద్దాలు తుడిచే వాక్యం దగ్గర అలవాటు కొద్దీ గొంతు తగ్గించి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, జనం చేత నిట్టూర్పులు విడిపించింది. చప్పట్లు మోగాయి. వెనక ఎవరో కళ్లు తుడుచుకున్నారు. మనిషి సిగ్గుతో చచ్చిపోతూ కూడా తన పని చక్కగా చేసుకుపోగలదని ఆ సాయంత్రమే ఆవిడకి తెలిసింది.

సంతకాల వరసలో తొమ్మిదో మనిషి అక్క. అందరిలాగే పుస్తకం తెరిచి ముందు పెట్టింది. బుజ్జి ఏం రాయాలో తోచక ఉత్త సంతకం పెట్టింది.

"ఏడో అధ్యాయంలో ఒక తప్పు వదిలేశానే. ముప్పై ఏళ్లలో తెలిసి వదిలింది అదొక్కటే" అంది అక్క, మెల్లిగా.

వెనకాల యాభై మంది. అక్క పుస్తకం సంచిలో వేసుకుని, పబ్లిషరు కుర్రాడిలా ఎగురుకుంటూ తెచ్చిచ్చిన గుడ్డ వద్దని, బస్సుకి వెళ్లిపోయింది. బుజ్జి ఇంకో గంటన్నర సంతకాలు పెడుతూనే ఉంది. ఇంటికొచ్చేసరికి అక్క గది తలుపు వేసి ఉంది.

మర్నాడు ఐదింటికి లేచి చూస్తే బల్ల మీద కళ్లద్దాలు లేవు. బుజ్జి కలం ముట్టుకోలేదు. అక్క వచ్చేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడింటికి అక్క కళ్లద్దాలు పెట్టుకునే వచ్చింది. ఎడమ అద్దం మీద పెద్ద వేలిముద్ర ఉంది. రెండు టీలు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

బుజ్జి రాత్రంతా కూడబలుక్కున్నదంతా ఒక్కసారిగా కక్కేసింది. నువ్వు నమ్మి చెప్పుకున్న మాట నేను తీసుకెళ్లి పుస్తకంలో పెట్టాను, బావని నీకు లేకుండా చేసి ఊరందరికీ పంచాను, నన్ను క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు అంది.

"తప్పు అది కాదు" అంది అక్క. "చీలికలోంచి కళ్లద్దాలు తుడిచి ఉన్నాయన్న లైను కనపడేసరికి అట్టముక్క తీసేశాను. ఆ అధ్యాయం ఒక్కటీ ముందు నుంచి చదివాను. మీ బావ ఎప్పుడైనా పొడిబట్టతో అద్దం తుడిచాడటే? ముందు కుళాయి కింద పెట్టేవాడు. దుమ్ము పోయాకే బట్ట. షాపుకి వచ్చినవాళ్లు చొక్కా అంచు ఎత్తితే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. గీతలు పడతాయని."

ఆవిడ కళ్లద్దాలు తీసి వెలుతురుకి పట్టింది. రెండద్దాల నిండా సన్నసన్నటి గీతలు. ఏడాదికి పైగా, రోజుకి ఒక్కసారి చొప్పున, చొక్కా అంచుతో గీసినవి.

"అయితే ఆ రోజు టీ తాగుతూ అద్దాల సంగతి నాకెందుకు చెప్పావు మరి?" అని అడిగింది బుజ్జి.

"నువ్వేనని నాకు మొదటి వారంలోనే తెలుసు. ఆయన పోయాక నా కళ్లద్దాలు చూసుకునే మనిషి ఒకళ్లున్నారని, నీ నోటితో వినాలనిపించింది. నేనే అక్కా అంటావని కప్పు కింద పెట్టి మరీ చూశాను. నువ్వు లేచి వెళ్లి దెయ్యానికి రాసిచ్చావు. దిద్దితే నాకు తెలుసని బయటపడిపోతుంది, పోనీ ప్రూఫులు చూసైనా నీ అంతట నువ్వే చెప్తావేమోనని ఆ తప్పు దిద్దలేదు. నిన్న సాయంత్రం దాకా ఆగాను."

దొంగిలించింది బావనని ఇన్నాళ్లూ కుమిలిపోయింది బుజ్జి. నిజానికి అక్కకి దక్కకుండా చేసింది తననేనన్న సంగతి ఆ మొద్దు బుర్రకి తట్టనేలేదు. బల్ల మీదుగా వంగి అక్క మణికట్టు పట్టుకుంది.

"నేనే అక్కా. రోజూ తుడిచింది నేనే."

అక్క చెయ్యి విడిపించుకోలేదు. పుస్తకాలు బైండింగు అయ్యాక దిద్దుబాట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చే రచయితలతో ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో, అంతే నెమ్మదిగా అంది.

"అచ్చయిపోయింది కదే బుజ్జీ."

తర్వాత మరకలున్న కళ్లద్దాలు అలాగే పెట్టుకుని, ఇంకెవరిదో ప్రూఫు దగ్గరికి లాక్కుని, చివరి పేజీ తీసింది.