బిందెకు కట్టిన చీర

మామిడిపళ్ళు కదలవు కాబట్టి వాటి బొమ్మ వేయడం సులువని ఎవరైనా అంటే, వాళ్ళను మా కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌కు పిలిపించి వేయమనాలి. మా ఊళ్ళో నేలే ఒకచోట ఉండదు. గని లోపల బండ పగిలితే పైన ఇళ్ళు ఊగుతాయి. దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అంటారు. దొరల కంపెనీ పోయి గవర్నమెంటు వచ్చింది గానీ ఆ ఊపు మాత్రం పోలేదు.

మర్నాడు పొద్దున రాబర్ట్‌సన్‌పేటలో ఒక హైస్కూలుకు నేను బొమ్మ పట్టుకెళ్ళాలి. డ్రాయింగు టీచరు ఉద్యోగం. పళ్ళు, వాటి వెనక మడతలు పడిన గుడ్డ, ఉన్నది ఉన్నట్టు రంగుల్లో వేసి తెమ్మన్నారు. పెళ్ళయ్యాక నేను కుంచె పట్టిందే లేదు. ఈ ఉద్యోగం రాకపోతే ఇక నా విద్యంతా వాకిట్లో ముగ్గుకే సరి. అందుకే కిటికీ దగ్గర బల్ల మీద రాగి బిందె బోర్లించి, దాని మీదుగా మా అత్త భాగీరథమ్మ అరక్కు రంగు, అదే ముదురు లక్క ఎరుపు, పట్టుచీర జారవిడిచి, ఆ మడతల్లో రాయల్పాడు నుంచి వచ్చిన బాదామి మామిడిపళ్ళు పెట్టుకున్నాను. చీర అడిగినందుకు ఆవిడ మూతి ముడుచుకుంది గానీ ఇచ్చింది.

బొమ్మ సగంలో ఉండగా ఇల్లు ఊగింది. చీర పక్కకు జారింది. ఒక పండు దొర్లి బల్ల అంచున మడతలో ఇరుక్కుంది. పొద్దుటినుంచీ పడ్డ పాటంతా మట్టిపాలైందని తిట్టుకున్నాను. ఆ తరువాతే గుర్తొచ్చింది, మా ఆయన మృత్యుంజయ పొద్దుటి షిఫ్టుకు లోపలికి దిగాడని. సర్వే పని ఆయనది, కొత్తగా తవ్విన చోటల్లా దిగి కొలవాలి. ముందు పండు, తరువాత మొగుడు గుర్తొచ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

పక్కింటి ఆదిలక్ష్మమ్మ గని గేటు దాకా పోయి వచ్చింది. లోపల కొందరు చిక్కుకున్నారట, పేర్లు ఇంకా చెప్పలేదట. నేను చెప్పులు వేసుకోబోతే అత్త అడ్డం వచ్చింది. మగవాడు లోపల చిక్కుకుంటే ఇల్లాలు గేటు దగ్గర నిలబడకూడదని ఆవిడ పట్టు. మామగారు గనిలో పనిచేసినన్నాళ్ళూ ఎన్ని ఊపులు వచ్చినా తను గడప దాటలేదట. ఏం ఇల్లో, ఏం ఆచారమో. కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వీధి గుమ్మానికీ తిరిగాను.

మళ్ళీ గదిలోకి వచ్చేసరికి అత్త బల్ల ముందు నిలబడి ఉంది. బిందె మీది చీరకు పసుపు, కుంకుమ పెట్టేసింది. పళ్ళ ముందు దీపం వెలుగుతోంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా భయమంతా ఆవిడ మీద పడింది. బోర్లించిన బిందెకు పూజేమిటని, రేపటికి నా బొమ్మ గతేమిటని నోటికొచ్చినట్టు అరిచాను.

"తెలుసులేమ్మా. బిందె నాదే, చీరా నాదే," అంది అత్త. "చేతులు ఊరకుండలేదు, ఏం చేసేది? చీర కట్టి ఉండాది, పండ్లు పెట్టి ఉండాది, మొక్కేసినాను. వాడు పైకి వచ్చేదాకా దీన్ని ఎవురూ కదిలించకూడదు."

బొట్టు ఒకచోట కుదరలేదు. కుంకుమ సగం చీర మీద రాలింది. తుడుద్దామని తీసిన గుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరిదీ ఒకటే భయం. ఆవిడ దీపం పెట్టింది, నేను అరిచాను.

ఇక కొత్త కాగితం తీసుకుని కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు వేయమన్నారు కదా. జారిన చీర, రాలిన కుంకుమ, దీపం వెలుతురు పడిన మడతలు, అన్నీ వేశాను. అత్త నా వెనక పీట వేసుకుని కూర్చుంది. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, నా కుంచె ఆగేది, ఆవిడ జపం ఆగేది. అంచున ఇరుక్కున్న పండు ఒక్కటీ మిగిలింది. దాని పసుపు రంగు కలుపుకోవడం, అది ఎండిపోవడం, మళ్ళీ కలుపుకోవడం. అదీ అయిపోతే ఆ తరువాత ఏం చేయాలో తెలియక దాన్ని ముట్టుకోలేదు.

పొద్దు వాలుతుండగా మృత్యుంజయ వచ్చాడు. తలనిండా రాతిపొడి. చిక్కుకున్న వాళ్ళలో తనూ ఒకడినని, అందరినీ పైకి తెచ్చారని గుమ్మం పట్టుకుని చెప్పాడు. అత్త బల్ల దగ్గరికి పోయి, అంచున ఉన్న ఆ పండు మీదే చెయ్యి వేసి ఆగింది.

"ఇది ఇంగా వెయ్యలేదు గదమ్మా నువ్వు," అంది. "వానికి ఇచ్చేదా?"

మొక్కు తీరింది, పండు ఆవిడది, కొడుకు ఆవిడ కొడుకు. అయినా నన్ను అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇయ్యత్తా," అన్నాను. "తిననీ."

ఆయన గుమ్మంలోనే కూలబడి తొక్కతో సహా కొరికాడు. రసం మోచేతి దాకా కారుతుంటే తల్లి కొంగుతో తుడిచింది. టెంక వదిలేదాకా పక్కనే కూర్చుని చూశాను. పండు తీసిన చోట పట్టుచీరలో గుంట పడి ఉంది. వెలుతురు పోకముందే లేచి ఆ గుంట వేశాను.

మర్నాడు హెడ్ మిస్ట్రెస్ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. కుంకుమ గురించి ఏమీ అనలేదు. ఆ గుంట మీద వేలు పెట్టి, ఇక్కడిదేమైందని అడిగింది. మా ఆయన తిన్నాడని చెప్పాను.

"నిన్న లోపల ఉండినాడా?" అంది.

తల ఊపాను. ఆవిడ బొమ్మను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, సోమవారం నుంచి రమ్మంది.