కింద రంపం

ఇడ్లీ పిండి రుబ్బిన చేతులు ఇంకా కడుక్కోనేలేదు, హాల్లోంచి మామగారు సుధాకరరావు కేక వేశారు. "భువనా, వంశవృక్షం ఇవాళ అయిపోవాలమ్మా. ఆదివారం మనవాళ్ళంతా వస్తున్నారు."

సెంగ్‌కాంగ్‌లోని ఆ ఫ్లాటులో కంప్యూటర్ ముందు కూర్చునే పనేదైనా భువనదే. అది 2006. భర్త చక్రధర్‌కి వన్-నార్త్ కంపెనీల పేటలో పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దేది మాత్రం ఇంట్లో ఈవిడ. ఎంసీఏలో అతనికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంది మరి, ఆ మాత్రం శిక్ష ఉండొద్దూ! ఇప్పుడు మామగారి వంతు వచ్చింది. నూట ముప్ఫై ఏళ్ళ కిందట రాజమండ్రిలో కలప కోతమిల్లు పెట్టిన బంగారయ్య వంశం తమదని ఆయనకు మహా గర్వం. ఆయన దాచుకున్న ఆ మిల్లు పాత పుస్తకం మొదటి పేజీలో "పై రంపం బంగారయ్య, కింద రంపం పాపమ్మ" అని ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "రంపాల గొడవ మనకెందుకు? పైన బంగారయ్య, కింద పాపమ్మ. అంటే కూతురన్నమాట. అలా టైపు కొట్టెయ్" అన్నారు. భువనకి అనుమానం రాకపోలేదు. కానీ పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, వాదనకు తీరికేదీ? కూతురనే టైపు కొట్టేసింది.

ఆదివారం వచ్చినవాళ్ళలో సెంబవాంగ్ నుంచి అప్పలనరసమ్మ ఆంటీ కూడా ఉంది. తాతల నాడే ఓడెక్కి ఈ దేశం వచ్చిన కుటుంబం వాళ్ళది. మాట చివర 'లా' అనడం, మగవాళ్ళందరినీ 'అంకుల్' అనడం ఆవిడకి ఇక్కడ అబ్బిన అలవాట్లు. గోడకి అంటించిన కాగితాన్ని మామగారు "పైన కోతమిల్లు బంగారయ్య, కింద కూతురు పాపమ్మ" అంటూ గడగడా చదివి వినిపిస్తుంటే ఆవిడ మధ్యలో ఆపింది.

"మా తాత కూడా రంపం లాగినోడే అంకుల్. గుంట మీద దుంగెట్టి, పైన మొగుడు, కింద గుంటలో పెళ్ళాం. రంపపు పొట్టంతా కిందున్నదాని కళ్ళలోనే పడీది. మా అవ్వకి అలాగే చూపు పోనాది. మీ పాపమ్మ కూతురు కాదేమో లా. కింద రంపం లాగిన పెళ్ళామేమో."

మామగారి ముఖం మాడిపోయింది. "మా ఇంటి ఆడవాళ్ళు రంపాలు లాగలేదండీ. ఏమ్మా భువనా, పుస్తకంలో రంపం అని ఎక్కడైనా ఉందా?"

అందరూ ఆమెకేసి చూశారు. పుస్తకం టీవీ కింద సొరుగులోనే ఉంది.

"లేదు మావయ్యగారూ."

"అయితే నానే పొరపాటు పడ్డాను. వయసైపోనాది, సారీ" అంటూ ఆంటీ తల దించుకుంది. కాఫీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ సారీ భువనను వదల్లేదు. ఆ సగం కాఫీ గ్లాసు తోముతుంటే సిగ్గుతో చచ్చిపోయింది. పోయిన నెల చక్రధర్ బాస్ పురుషోత్తం భోజనానికి వచ్చి, ఆమె మూడు రోజులు కూర్చుని రాసిన ప్రోగ్రామును అతని ప్రతిభ అంటూ తెగ మెచ్చుకున్నాడు. "ముందు మా భువన చేతి గుత్తివంకాయ రుచి చూడండి సార్" అన్నాడు చక్రధర్. ఆమె నవ్వుతూ వడ్డించింది. నష్టం తనకే కదా, పోనీలే అనుకుంది. ఇప్పుడు నిజం చెప్పిన ముసలావిడ చేత నలుగురిలో క్షమాపణ చెప్పించింది. మామగారిని అనుకుని ఏం లాభం? ఆయన నోటితో చెప్పారు, అంతే. రంపాన్ని చెరిపిన వేళ్ళు తనవి.

సోమవారం పొద్దున్నే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు టైపు కొట్టింది. పాపమ్మను బంగారయ్య కింద నుంచి తీసి అతని పక్కనే భార్యగా నిలిపింది. ఒక కాగితం గోడకి అంటించి, ఇంకొకటి సంచిలో పెట్టుకుని రైలెక్కింది.

సెంబవాంగ్‌లో ఆంటీ తలుపు కొడుతుండగా ఫోను మోగింది. చక్రధర్.

"ఎక్కడున్నావ్? గంటలో డెమో, ప్రోగ్రాం ఆగిపోయింది. మెయిల్ పెట్టాను, త్వరగా చూడు!"

లోపల గడియ తీస్తున్న చప్పుడు వినిపించింది.

"పైన మీరు లాగుతూ ఉండండి," అంది భువన. "ఇవాళ కింద ఎవరూ లేరు."