దెయ్యం మాట్లాడిన భాష

కలకత్తాలో భవానీపూర్ వీధులు ఊడ్చి, చెత్తబండి అప్పజెప్పి, తవిటమ్మ కార్పొరేషన్ క్వార్టర్సుకి తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. కాళ్లు కడుక్కుని మొదట చేసే పని, సత్తు కంచంలో అన్నం, చేపల పులుసు వేసి బయట వరండాలో పెట్టడం. "ఇదిగో, తిను" అనేది. అమ్మా అని మాత్రం పిలిచేది కాదు. తల్లి దాలమ్మ వచ్చి తిని, కంచం కడిగి గోడకి ఆనించేది. ఒక్క మాటా మాట్లాడేది కాదు. ఎలా మాట్లాడుతుంది? ఆవిడ గొంతు సినిమాలో ఉండిపోయింది.

ఇది క్వార్టర్సులో అందరికీ తెలిసిన సంగతే. పక్కింటాయన కాలు రైలు కింద పోయింది, ఎదురింటావిడ చూపు సున్నం పడి పోయింది, దాలమ్మ గొంతు సినిమాలో పోయింది. రేషన్ కార్డుల కోసం వచ్చిన పార్టీ బాబు కూడా "ఓ, అలాగా" అని రాసుకుపోయాడు.

తవిటమ్మ చిన్నతనంలో, సినిమాలు ఇంకా తెలుపు నలుపుగా ఉన్నప్పుడు, ఎవరో బెంగాలీ బాబులు దెయ్యం సినిమా తీశారు. ఊడ్చేవాళ్ల మేస్త్రీ సర్దార్‌ని అడిగి, దెయ్యం వేషానికి చీపురు పట్టే ఆడమనిషిని తీసుకెళ్లారు. ఆవిడే దాలమ్మ. పొద్దున వెళ్లి దీపాలవేళకి తిరిగొచ్చింది, మొహం నిండా తెల్ల రంగుతో. అప్పటికే చంటివాడు కూర్మయ్య జ్వరంతో పోయాడు. దాలమ్మ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. "సోకులకి పోయి కన్నకొడుకుని పొట్టనబెట్టుకున్నాదిరో" అని అత్త ముసలమ్మ వాకిట్లో కూచుని శోకాలు పెట్టింది. ఆ మాటే నిలిచిపోయింది. దాలమ్మకి చదువా లేదు, గొంతా లేదు, పాపం ఎవరికని చెప్పుకుంటుంది? ఆనాటినుంచి ఏ తల్లీ తన బిడ్డని ఆవిడ ఒళ్లో పెట్టలేదు. తవిటమ్మా పెట్టలేదు. తమ్ముడంటే ప్రాణం ఆమెకి. ఆ తెల్ల మొహాన్ని ఆమె క్షమించలేదు.

ఇప్పుడు తవిటమ్మ కూతురు మగబిడ్డని కంది. ఆదివారం ఉయ్యాల్లో వేస్తారు. వీళ్ల పద్ధతిలో పెద్ద ఆడవాళ్లంతా వరసగా కూచుంటే, బిడ్డ ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి మారుతూ ఉయ్యాల దాకా వెళ్తాడు, అప్పుడు పేరు పెడతారు. దాలమ్మ పాత చీరలతో బొంత కుట్టింది. దాన్ని చంకలో పెట్టుకుని గుమ్మంలో నించుంది. అడగడానికి నోరు లేకపోయినా కళ్లున్నాయి కదా, అవి అడుగుతున్నాయి.

"ఆదోరం నువ్వు సంత్రాగాఛి ఎల్లి అప్పాయమ్మ పిన్నికాడ ఉండు. ఈడ నీకేటి పని?" అంది తవిటమ్మ.

దాలమ్మ బొంత గుమ్మంలో పెట్టేసి వరండాలోకి వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం అల్లుడు పట్టాభి ఎగురుకుంటూ వచ్చాడు. అతనికి మెట్రో స్టేషన్ పక్కన సీడీల కొట్టులో పని.

"అత్తా, అమ్మమ్మ సినిమా మళ్లీ వొచ్చినాది! బొంబాయిలో రీళ్లు కడిగి, గీతలు తీసి, గరగర తీసి అద్దంలాగ సేసినారు. బాబులంతా దాదా, దాదా అని నా ఎనకాల పడి కొంటన్నారు."

"ఆ దరిద్రం నా ఇంట్లో ఎట్టకు బావూ!"

కానీ కూతురు చూస్తానని పట్టుబట్టింది. బాలింత మాట కాదనలేక తవిటమ్మ అటు తిరిగి కూచుని బియ్యంలో రాళ్లు ఏరసాగింది. దాలమ్మ వరండాలో కిటికీ పక్కకి జరిగింది.

సినిమాలో భూతవైద్యుడు దెయ్యాన్ని పాడుబడ్డ మేడలో స్తంభానికి కట్టేస్తాడు. అప్పుడు దెయ్యం అరుస్తుంది. ఆ అరుపుకి హాల్లో ఆడవాళ్లు మూర్ఛపోయేవారట. పాత రీలులో ఉరుములూ గరగరా తప్ప ఒక్క ముక్కా తెలిసేది కాదు. ఇప్పుడు గరగర లేదు.

"సర్దార్ బావూ, నన్నొగ్గీండి బావూ! గుంటడికి జొరం, ఒల్లు కాలిపోతన్నాది. పాలిచ్చీసి మల్లీ వొస్తాను, ఒట్టు! ఈ తాడు ఇప్పండి. కూర్మా... నా కూర్మా..."

అచ్చమైన సిక్కోలు తెలుగు. తవిటమ్మ చేట పక్కన పెట్టి తెరవైపు తిరిగింది. తెర కింద బెంగాలీ అక్షరాలు కదులుతున్నాయి.

"ఏటి రాసినారక్కడ?"

పట్టాభి చదివి చెప్పాడు. "దెయ్యం మంత్రాలు సదువుతున్నాదని రాసినారత్తా."

సినిమా అయ్యాక, అప్పట్లో పనికిరావని పక్కనపడేసిన ముక్కలు కూడా చూపించారు. దాలమ్మ అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. ఒకడు "ఖూబ్ భాలో! ఆర్ ఏక్‌బార్!" అని, చాలా బాగుంది, ఇంకొక్కసారి అని చప్పట్లు కొడుతున్నాడు. ఎంత బాగా ఏడిస్తే అన్నిసార్లు మళ్లీ తీశారు. వెనక కిటికీలో పొద్దు తిరిగిపోయింది, ఎండ పోయింది, చీకటి పడింది. తాడు మాత్రం విప్పలేదు.

"ఓలమ్మో! కట్టీసినారే నిన్ను! సోకులన్నాం గదే, ఇన్నాళ్లూ సోకులన్నాం!" తవిటమ్మ నెత్తి బాదుకుంది.

అంతలో తెరమీద దెయ్యం పెదవులు ఆడుతున్నాయి గానీ మాట వినిపించడం మానేసింది. వరండాలోంచి "కూర్మా" అని పిలుపు వచ్చింది. నిన్నమొన్న తల్లయిన పిల్ల గొంతులా ఉంది. చిన్నప్పుడు తనని అన్నానికి పిలిచిన గొంతు అదేనని తవిటమ్మకి గుర్తొచ్చింది.

మర్నాటికల్లా ఊళ్లో కొన్నవాళ్లంతా డిస్కులు పట్టుకొచ్చి, దెయ్యానికి నోరు పడిపోయింది, ఇదేం సరుకని పట్టాభిని తిట్టిపోశారు. ఆ తిట్లన్నీ తిని అతను ఉయ్యాల వేళకి ఇంటికి చేరాడు.

తవిటమ్మ తల్లికి కొత్త చీర కట్టి, బొంత పరిచి, అందరికంటే ముందు కూచోబెట్టింది. ఇన్నేళ్లూ దాలమ్మని చూసి పిల్లల్ని కొంగుల్లో దాచుకున్న ఆడవాళ్లే ఇప్పుడు జరిగి జరిగి చోటిచ్చారు.

"అమ్మా, ఎత్తుకోయే" అంది తవిటమ్మ.

దాలమ్మ బిడ్డని ఒళ్లోకి తీసుకుంది. తలకింద చెయ్యి ఎలా పెట్టాలో మరిచిపోయి కాసేపు తడుముకుంది. వంగి వాడి నెత్తి వాసన చూసింది. తవిటమ్మ ఇక ఆగలేక తల్లి కాళ్లు పట్టుకుని ఏడ్చేసింది.

"నీ గుంటడు నీకాడికి తిరిగొచ్చీసినాడనుకోయే అమ్మా. ఈడికి కూర్మయ్యనే పేరెడతాం."

అంతా అవునవునంటూ కళ్లు తుడుచుకున్నారు. దాలమ్మ మాత్రం బిడ్డని తవిటమ్మ చేతుల్లో పెట్టేసింది.

"వొద్దు" అంది ఆ లేత గొంతుతో. "ఆడి పేరొక్కటే నాకు మిగిలినాది. అదీ లాగీసుకుంటారేటే?"

లేచి వరండాలోకి నడిచింది. గోడకి ఆనించిన సత్తు కంచం ముందు పెట్టుకుని కూచుంది. లోపలికి రమ్మని తవిటమ్మ ఎంత పిలిచినా రాలేదు.