పెట్టెలు మోసే సినిమా

తల్లి కనకమ్మ సరేనంటేనే హిమాలయాల్లో కొండలెక్కే శిక్షణకు వెళ్తానని రజిత మాటిచ్చింది. ఆ మాటే ఇప్పుడు కాళ్లకు అడ్డం పడుతోంది. పోయిన ఆదివారం, కొండలంటే ఏమిటో తల్లికి తెలియాలని కొత్త సినిమా ఒకటి పెట్టింది. కాసేపటికే మంచు విరిగిపడి ఇద్దరు పోయారు. కనకమ్మ లేచి టీవీ ఆపేసింది.

"నువ్వు పోవుడు లేదు."

భువనగిరి గుట్ట మీద తాడు పట్టి ఎక్కడం నేర్చిన పిల్లకు అది మింగుడుపడలేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఎల్బీ నగర్ ఇంట్లో కొండలెక్కేవాళ్ల మీద తీసిన, తనకిష్టమైన పాత సినిమా పెట్టింది. నలుపు తెలుపుది. మొదటిసారి చూసినప్పుడు తనూ నిద్రపోయింది. తర్వాత ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఆ మనుషులు అడుగు తీసి అడుగు వేస్తుంటే తన ఊపిరి కూడా వాళ్లతోపాటే నడిచేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపే తండ్రి బాలనర్సయ్య, తెర మీద గుడారాలు వేస్తుండగానే గురక పెట్టాడు. కనకమ్మ మెంతికూర తెంపుతూ చూస్తోంది.

"గీళ్లెప్పుడు ఎక్కుతరే? ఎప్పటిసంది పెట్టెలే మోస్తున్నరు."

"గంతే ఉంటదమ్మా. ఎక్కుడు తక్కువ, మోసుడెక్కువ."

"మల్ల చాయ్ పెట్టిన్రు! మీ నాయిన దుకాణం లెక్కనే ఉంది."

రజిత నవ్వింది. ముందుకు జరుపుదామని రిమోట్ అందుకుంది. మళ్లీ పక్కన పెట్టేసింది.

చివరికి ఇద్దరు శిఖరం దగ్గరికొచ్చారు. మబ్బు కమ్మింది. ముందున్నవాడు చెయ్యి ఊపాడు. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

కనకమ్మ కూర తెంపడం ఆపింది.

"ఏంది, దిగుతున్నరు? కొస గీడనే కనిపిస్తుంది గద."

"గాలి తిరిగిందమ్మా. పోతే రారు."

"గంత దూరం పోయి, ఉత్తగనే ఒచ్చిన్రా?"

"ఒచ్చిన్రు. బతికొచ్చిన్రు."

కింద గుడారం దగ్గర వాళ్లకు చాయ్ ఇచ్చారు. బొమ్మ అయిపోయేదాకా కనకమ్మ కదల్లేదు.

"నువ్వు గట్ల దిగుతవా? మొండిదానివి. కబడ్డీల ఏలు ఇరిగినా ఆడినవ్."

"గప్పుడు తెల్వకుండె. పోయిన నెల గుట్ట మీద వాన పడితే సగంలకెల్లి దిగిన. నీకు చెప్పలే."

"ఎందుకు?"

"సిగ్గయింది."

"సిగ్గెందుకే! గది చెప్పేది పోయి, మొన్న గా మంచు సినిమా పెడ్తివి."

బాలనర్సయ్య కళ్లు తెరవకుండానే అడిగాడు.

"ఎక్కిన్రా?"

"దిగిన్రు," అంది కనకమ్మ. "రేపు దుకాణంలకెల్లి ఒచ్చేటప్పుడు పిల్లకు మందపాటి స్వెట్టర్ తేవాలె."