ముందు బ్రేకు వైరు

వాగు దిగుడులో వెనక బ్రేకు వైరు పుటుక్కున తెగితే సైకిలు ఆపడానికి మిగిలేవి చెప్పులే. ఆగేసరికి నా చెప్పులు సగం అరిగిపోయాయి, మోకాలు చీరుకుపోయింది. భుజాన ఉన్న మందుల సంచి మాత్రం క్షేమం. నేను మా తండాకూ, వాగవతలి కోయగూడేనికీ ఆశా కార్యకర్తను. సైకిలు లేకపోతే నా పని సాగదు.

నిజానికి ముందు బ్రేకు ఉండాల్సింది. అది నెల కిందటే తెగిందని మా ఆయన మోతీలాల్ చెప్పాడు. బూర్గంపాడు నుంచి వస్తుంటే దారిలో తెగింది, పారేశానన్నాడు. కొత్తది వేయిస్తా, వేయిస్తా అంటూ నెల గడిపేశాడు. అయితే ఆ నెలంతా ఒక వింత జరిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేనెటు పోతున్నానో అడగని మనిషి, రోజూ పొద్దున గడప దాకా వచ్చి "దిగుడుకాడ మెల్లగ పో" అనేవాడు. నేను తెగ మురిసిపోయాను. ఊరుకోలేక గూడెంలో చిన్నక్కకు కూడా చెప్పుకున్నాను. చిన్నక్క అన్నది పేరే, వయసులో నాకంటే చిన్నది. ఇప్పుడు ఆరో నెల.

"మా ఆయన గట్ల అంటే జరమొచ్చిందేమో అని నెత్తి మీద చెయ్యి పెట్టి చూస్త" అని నవ్వింది.

మెకానిక్కు దగ్గరికి తోసుకుపోతే ఒక పూట పోతుంది. అందుకని రెండు వైర్లు తెప్పించుకుని సాయంత్రం వాకిట్లో నేనే కూర్చున్నాను. సైకిలు మా బిడ్డ సంగీతది. అది కోచింగుకని ఖమ్మం పోయాక నాకు దక్కింది. మెకానిక్కు చేస్తుంటే చాలాసార్లు చూశాను, అదేం బ్రహ్మవిద్య కాదు.

వెనకది మొదట పట్టుకున్నాను. చక్రం దగ్గరి నట్టును పానాతో వదులు చేసి తెగిన ముక్క లాగేశాను. హ్యాండిల్ దగ్గర పిడి నొక్కితే, వైరు కొసన ఉండే సీసపు గుండు ఇంకా దాని గూట్లోనే ఇరుక్కుని ఉంది, బెత్తెడు వైరు వేలాడుతూ. మేకుతో పొడిచి తీశాను. కొత్త వైరు గుండును అక్కడ కూర్చోబెట్టి, వైరుకు గ్రీజు రాసి గొట్టంలోంచి తోశాను. బ్రేకు రబ్బర్లు రెండూ రిమ్ముకు ఆనేలా ఒక చేత్తో అదిమిపట్టి, ఇంకో చేత్తో నట్టు బిగించాను. మొదట వదులైంది, తర్వాత చక్రమే కదల్లేదు. చివరికి కుదిరింది.

ఆ తర్వాత ముందుది. పిడి గూడు ఖాళీగా ఉంది. గుండు లేదు. చక్రం దగ్గరి నట్టు పానా లేకుండా చేత్తోనే తిరిగింది. తెగిన వైరైతే గుండును గూట్లో వదిలిపోతుంది, ఇప్పుడే కదా ఒకటి పొడిచి తీశాను. నడిదారిలో ఆయనకు పానా, మేకు ఎక్కడివి? ఇది తెగలేదు. ఎవరో విప్పుకుపోయారు.

మా వైపు బ్రేకు వైరుకు ఇంకో పని ఉంది. దానితో ఉచ్చు వేస్తే, జంతువు లాగేకొద్దీ బిగుస్తుంది. ఆశా కార్యకర్తను అడగరు గానీ, చేను ఉన్న మగవాడు విడిగా వైరు కొంటే దుకాణంలో ఎందుకని అడుగుతారు, ఆ మాట ఫారెస్టోళ్ల చెవిన పడుతుంది. ఇంట్లో సైకిలుది విప్పుకుంటే ఎవరూ అడగరు. పోయినేడు మోతీలాల్ అడవిపందులకని పెట్టిన ఉచ్చులో చిన్నక్క వాళ్ల దూడ కాలు పోయింది. ఇక ముట్టనని ఆ రోజు సంగీత నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

మోతీలాల్ మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ముందు బ్రేకు వైరు ఏడ తెగింది?" అన్నాను.

"చెప్పిన గద, దారిల."

"మరి గుండేది?"

గ్లాసు కింద పెట్టాడు. "పందులు మొక్కజొన్న ఉంచుతలేవు సక్రీ. టార్చి పట్టుకొని ఎంతకని తిరుగుత?"

"ఏడ పెట్టినవ్?"

"చేను గట్టు మీద. ఇప్పచెట్ల దిక్కు."

"ఇప్పపూలు రాలుడు షురువైంది. రేపు పొద్దు పొడవకముందే చిన్నక్క పూలకు ఆ గట్టు మీంచే వస్తది. తెల్వదా?"

"రేపు తీస్త."

"ఆమె కాలు పడ్డంక తీస్తవా? లే."

కోపం వచ్చిన మాట నిజమే. దూడ కోసం, ఒట్టు కోసం, చిన్నక్క కోసం. కానీ అన్నిటికంటే ముందు సిగ్గేసింది. తానే వైరు విప్పి నన్ను ఒంటి బ్రేకుతో దిగుడులోకి పంపుతున్నాడు గనకే ఆ మనిషి రోజూ మెల్లగ పొమ్మన్నాడు. ఆ మాటను నేను పూలలా కొప్పులో పెట్టుకు తిరిగాను.

మేము వెళ్లేసరికి ఇంకా వెలుగుంది. ఉచ్చు ఖాళీగానే ఉంది. దాని పక్కనే ఇప్పచెట్టు కింద, రేపు రాలే పూల కోసం ఎవరో అప్పుడే ఆకులు ఊడ్చి నేల శుభ్రం చేసి పెట్టుకున్నారు. మోతీలాల్ ఆ నేల చూశాడు. వంగి వైరు విప్పాడు.

ఇంటికొచ్చి ఆ వైరును కటింగ్ ప్లేయరుతో వేలెడేసి ముక్కలు చేశాను. ముందు బ్రేకు బిగిస్తుంటే రబ్బర్లు అదిమిపట్టడానికి వచ్చాడు. వద్దన్నాను.

పొద్దున సైకిలు బయటికి తీసి రెండు పిడులూ నొక్కి చూశాను. రెండు చక్రాలూ ఆగాయి. మోతీలాల్ గడపలోకి వచ్చి నిలబడ్డాడు. బ్రేకుల వైపు చూశాడు, మెల్లగ పొమ్మని అనలేదు. అని ఉంటే మండిపడేదాన్ని. అనకపోయేసరికి ఏడుపొచ్చింది.

దిగుడు కింద చిన్నక్క ఇప్పపూల గంప నెత్తిన పెట్టుకుని గూడేనికి పోతూ కనిపించింది. ముందు ఆమె కాళ్లు చూశాను. తర్వాత బ్రేకులు నొక్కి పక్కన ఆగాను.

"ఏందక్కా, ఇయ్యాల గూడ మెల్లగ పొమ్మన్నడా?" అంది నవ్వుతూ.

"అవ్, అన్నడు" అన్నాను.