వసారాకు కట్టిన తాడు

విశాఖ ఆసుపత్రి నుండి బిడ్డను తీసుకొని అరకు కొండల్లోని పుట్టింటికి వచ్చిన నాడే, ఎలీయేజరు కూతురు సుజానా వసారా స్తంభాలకు అడ్డంగా తాడు కట్టింది. ఏడేళ్ళ డాలీకి రక్తపు క్యాన్సరు. మందుల ధాటికి జుట్టుతో పాటు ఒంట్లోని తెల్లకణాలూ పోయాయి. ఒకరి దగ్గు చాలు, ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

కాచిన నీళ్ళు, వేడివేడి అన్నం, సబ్బుతో కడిగిన చేతులు సుజానాకు నిత్యవిధులయ్యాయి. కన్నతండ్రిని సైతం మాస్కు లేనిదే గడప దాటనిచ్చేది కాదు.

ఊరి క్రైస్తవ సంఘానికి మాత్రం ఆ తాడు కంట్లో నలుసైంది. ఆ బిడ్డ కోసం నలభై దినాలు ఉపవాసముండి మోకరించినవారు వారు.

"ఉపాసాలకి మా నోళ్ళు కావాలి గానీ, పసిగుంట తలమీద ఎట్టడానికి మా సేతులు పనికిరావేటి?" అని సంఘంలోని నూకరత్నం ఎలీయేజరును వీధిలోనే నిలదీసింది. "ఏటి పెద్దయ్యా, మళ్ళీ మమ్మల్ని దూరంగా నిలబెడతన్నారా?"

ఆ మాట ఎలీయేజరు గుండెలో దిగబడింది. బాల్యంలో సంతలో దోసిలి పట్టి, పైనుండి పోసిన నీళ్ళు తాగినవాడాయన. సంఘపెద్దయి, క్రీస్తునందు దూరస్థుడెవడూ లేడని నలభై ఏళ్ళుగా బోధిస్తున్నవాడు. తన ఇంటికే తాడా!

ఆదివారం ఆరాధన ముగియగానే సంఘాన్ని వెంటబెట్టుకు వచ్చి, కొడవలితో తాడు తెంచాడు.

"నాన్నా, ఇది కులం తాడు కాదు. దాని ఒంట్లో కాపలా లేదు, అందుకే వాకిట్లో కట్టాను. నీ కాళ్ళట్టుకుంటాను!"

"కుష్ఠురోగిని ముట్టిన ప్రభువు బిడ్డలమమ్మా మనం. విశ్వాసముంచు."

ముప్పై మంది వరుసగా ఆ బోడితల మీద చేతులుంచారు. నూకరత్నం ముద్దు కూడా పెట్టుకుని, పక్కకు తిరిగి దగ్గింది. డాలీ అందరికీ వందనాలు చెప్పింది.

మూడవనాడు జ్వరం వచ్చింది. సుజానా క్షణం ఆగక బిడ్డను జీపెక్కించి ఘాటురోడ్డున విశాఖకు దిగింది. ఎనిమిదవనాడు శవంతో తిరిగి వచ్చింది.

సంఘమంతా వాకిట చేరి, తెగిన తాడు వేలాడుతున్న స్తంభాలకు ఇవతలే నిలిచిపోయింది. సుజానా బిడ్డ ముఖం మీది గుడ్డ తొలగించింది.

"రండి. ఇప్పుడు అందరూ ముట్టుకోండి. ఇంక దానికేం కాదు."

ఒక్కరూ కదలలేదు. నూకరత్నం చేతులు కొంగులో దాచుకుంది. ప్రార్థన చేయవలసిన ఎలీయేజరు కుడిచేయి ఎత్తబోయి, ఆ చేతినే చూసుకొని, దించేశాడు.

"ముందు నువ్వు రా నాన్నా," అంది సుజానా.