అల్లుడుగారికి వెచ్చదనం

మా పరిశోధనశాలలో ఒక మగపంది ఉండేది. డాక్టరమ్మ దానికో నంబరు ఇచ్చింది. మా వదిన మాత్రం ‘అల్లుడుగారు’ అనేది. తిండి ఆలస్యమైతే మొహం తిప్పుకునేవారు, గది కడిగితే తప్ప పడుకునేవారు కాదు. ఇంకేం పేరు పెడతాం?

వదిన మా ఆయనకు అక్క. ఆయన పోయాక నన్ను ఈ పనిలో పెట్టించింది ఆవిడే. తను పందులను చూసుకునేది, నేను గాజుసామాను కడిగేదాన్ని.

డాక్టరమ్మ అల్లుడుగారి వీర్యం పట్టి, కణాలను శుభ్రంగా కడిగి, వాటికి మనిషి జన్యువు ఒకటి కలిపేది. కణాలు దాన్ని పట్టుకుని ఆడపంది కడుపులోకి వెళితే, పుట్టే పిల్లల్లో కొన్నింటికైనా అది రావాలి. అలాంటి పంది గుండెను ఎప్పటికైనా రోగికి పెడితే, ఒళ్ళు దాన్ని తిప్పికొట్టకుండా ఉంటుందని ఆవిడ ఆశ.

“అంటే అల్లుణ్ణి ఉట్టి చేతులతో పంపకుండా మూటిచ్చి పంపుతున్నారన్నమాట,” అంది వదిన.

“అంతే పెద్దమ్మా. దారిలో పారేసుకోకుండా ఉంటే చాలు.”

పారేసుకుంటూనే ఉన్నారు. ఒక్క పిల్లకూ జన్యువు రాలేదు. ఆ చలికాలం మరీ అన్యాయం, సూక్ష్మదర్శినిలో చూస్తే కణాలు ఈదడమే మానేశాయి.

“ముసలిదైపోయింది. పంపించేసి కొత్తదాన్ని తెద్దాం,” అన్నారు పెద్దసారు.

పంపించడమంటే ఎక్కడికో మాకు తెలుసు. వదిన ఆ పూట టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

డాక్టరమ్మకు మనసొప్పలేదు. “తిండేమైనా మార్చారా? జ్వరం వచ్చిందా?”

“ఏ లోటూ చెయ్యలేదమ్మా!”

“పదండి, గది చూద్దాం.”

తలుపు తీయగానే మొహానికి సెగ కొట్టింది. పైన ఎర్రబల్బు, అప్పుడే పుట్టిన పందిపిల్లలకు వెచ్చదనం కోసం వేసేది, వేలాడుతోంది. వెనక వైపు ఇంకోటి. వాటి మధ్య అల్లుడుగారు కాళ్ళు బారచాపి గుర్రుపెడుతున్నారు.

“ఇదేంటి పెద్దమ్మా?”

“చలి కదమ్మా. మొన్న దగ్గాడు. పిల్లల గదిలో బల్బులు ఖాళీగా ఉంటేనూ...”

“రెండెందుకు?”

“ఒకటేస్తే వీపు ఒక్కటే కాగుతోంది.”

డాక్టరమ్మ అక్కడున్న బకెట్ బోర్లించి కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. “వృషణాలకు అంత వేడి తగిలితే కణాలు పాడైపోతాయి పెద్దమ్మా.”

వదిన మొహం వాడిపోయింది. “అయితే నా చేతులారా నేనే...”

“వయసు కాదని తేలింది కదా. వేడి తగ్గిస్తే కుదురుకుంటాడు. కొత్త కణాలు తయారయ్యేదాకా ఆగాలి, అంతే.”

పెద్దసారు ఒప్పుకున్నారు, విసుక్కుంటూనే. “ఈ కాన్పులో కూడా రాకపోతే ఇంక నన్నడగొద్దు.”

అప్పట్నుంచి వదిన తను స్వెటర్ వేసుకుని, అల్లుడుగారి గది కిటికీ తెరిచేది. “నన్ను తిట్టుకోకు నాయనా,” అని వీపు నిమిరేది. ఆయన మొహం తిప్పుకునేవారు. ఈసారి కోపానికి కారణం ఉంది మరి.

కణాలు మళ్ళీ ఈదాయి. ఆడపంది చూడి కట్టింది, ఈనింది. పిల్లల చెవి కొసలు రవ్వంత కత్తిరించి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా వదిన కడిగిన గదే మళ్ళీ మళ్ళీ కడిగింది.

డాక్టరమ్మ తనే షెడ్డుకు వచ్చింది. “రెండింటికి వచ్చింది పెద్దమ్మా.”

“మరి వాడు?”

“ఉంటాడు. పెద్దసారుకి చెప్పేశాను.”

వదిన పిల్లల మీదికి వంగింది. “ఏ రెండు?” అంది.

డాక్టరమ్మ చూపించింది. ఒకటి, అందరినీ తోసేసి పాలు తాగుతున్నది.

“ఆ రౌడీయా? వీటి గుండెలు తీసేస్తారా?”

“వీటివి కాదు. ముందు వీటిని పెంచాలి, వీటికి పిల్లలు పుట్టాలి. ఎప్పటికో ఆ పిల్లల వంతు.”

“అయితే నేనుండగా కాదులే,” అని వదిన రౌడీని చంకకెత్తుకుంది. “పద, మీ నాన్నకి చూపిస్తా.”

పిల్లల్ని గది దాటించకూడదని నియమం. డాక్టరమ్మ నోరు తెరిచింది కూడా. ఏమనుకుందో, ముందు నడిచి తలుపు తీసి పట్టుకుంది.